పాల్ మౌజర్

పీటర్ పాల్ మౌజర్ (జూన్ 27, 1838 - మే 29, 1914) జర్మనీ దేశానికి చెందిన తుపాకుల రూపశిల్పి, పారిశ్రామికవేత్త. చేతితో బోల్టును వెనుకకు లాగి, ముందుకు నెట్టి కాల్చే సైనిక తుపాకికి (బోల్టు రైఫిలు) స్థిరమైన రూపం ఇచ్చినవారిలో ఈయన ముఖ్యుడు. ఈయన రూపొందించిన 1898 నమూనా తుపాకి యంత్రాంగం నేటికీ వేట తుపాకులకు ఆదర్శంగా నిలిచి ఉంది. తుపాకి పేలిన తరువాత ఖాళీ అయిన తూటా తొడుగును గొట్టం నుండి ఊడబెరకడం, దానిని బయటకు విసిరివేయడం అనే రెండు పనులను నమ్మకంగా జరిగేటట్లు చేయడం ఈయన సాధించిన ప్రధాన విజయం. ఈ సమస్యతో ఈయన సుమారు ముప్పై సంవత్సరాలు శ్రమించాడు.

బాల్యం, కుటుంబం

పాల్ మౌజర్ దక్షిణ జర్మనీలోని వుర్టెంబర్గ్ రాజ్యంలో, నెకార్ నది ఒడ్డున ఉన్న ఓబెర్న్‌డార్ఫ్ అనే చిన్న పట్టణంలో జన్మించాడు. ఆ పట్టణంలో పూర్వం అగస్టీనియన్ సన్యాసుల మఠంగా ఉన్న భవనాలలో వుర్టెంబర్గ్ రాజు మొదటి ఫ్రెడరిక్ 1811లో ఒక ఆయుధ కర్మాగారాన్ని స్థాపించాడు. పాల్ తండ్రి ఫ్రాంజ్ ఆండ్రియాస్ మౌజర్ అందులో తుపాకుల పనివాడు. పెద్ద కుటుంబం, చాలీచాలని ఆదాయం కావడం వలన మగపిల్లలు చిన్న వయసులోనే తండ్రితోపాటు కర్మాగారంలో పనికి చేరారు. పాల్ ఆ ఇంటి పిల్లలలో అందరికంటే చిన్నవాడు. ఆయనకు నాలుగేళ్ళు పెద్దవాడైన అన్న విల్‌హెల్మ్ (1834-1882) తరువాతి కాలంలో ఆయన వ్యాపార భాగస్వామి అయ్యాడు. పనిముట్ల మీద నేర్పు తమ్ముడిది, మాటకారితనం, లెక్కాజమా అన్నవి.

పాల్‌కు ఉన్నత విద్య లేదు. ఆయన నేర్చుకున్నదంతా ఆకురాయి, సుత్తి, కొలతబద్ద పట్టి నేర్చుకున్నదే. 1859లో సైన్యంలోకి తీసుకోబడి, లుడ్విగ్స్‌బర్గ్ ఆయుధాగారంలో ఫిరంగిదళంలో పనిచేశాడు. ఆయన పనితనాన్ని గమనించిన అధికారులు కొద్ది నెలలకే ఆయనను ఓబెర్న్‌డార్ఫ్ కర్మాగారానికి తిరిగి పంపించారు.

సూది తుపాకి నుండి లోహపు తూటాకు

ఆ రోజులలో ప్రష్యా సైన్యం యోహాన్ నికోలౌస్ ఫాన్ డ్రైజె రూపొందించిన సూది తుపాకిని వాడేది. బోల్టుతో పనిచేసే సైనిక తుపాకులలో పెద్ద ఎత్తున వాడుకలోకి వచ్చిన మొదటిది ఇదే. 1866లో సడోవా యుద్ధంలో ఆస్ట్రియాపై ప్రష్యా గెలుపుతో దీని పేరు ఐరోపా అంతటా మారుమోగింది. అయితే ఈ తుపాకిలోని తూటాకు తొడుగు కాగితంతో చేసినది. కాల్చినపుడు కాగితం చాలావరకు కాలిపోయేది కనుక, బయటకు తీయవలసినది ఏదీ మిగిలేది కాదు. దానికి బదులుగా వేడి వాయువులు బోల్టు సందులలో నుండి వెనుకకు చిమ్మి కాల్చేవాని ముఖానికి తగిలేవి.

లోహపు తొడుగు గల తూటా వచ్చిన తరువాత ఈ బాధ పోయింది. తూటా పేలినపుడు మెత్తని ఇత్తడి తొడుగు ఉబ్బి గొట్టం వెనుక భాగంలోని తూటా గది గోడలకు గట్టిగా అంటుకొంటుంది. అందువలన వాయువు వెనుకకు రాదు. ఒత్తిడి తగ్గగానే తొడుగు కొద్దిగా ముడుచుకొని గోడలను వదలాలి. కాని గదిలో మసి, తుప్పు, ఇసుక ఉన్నా, తొడుగు నాసిరకానిదైనా అది వదలదు. వాయువును ఆపిన గుణమే ఇపుడు అడ్డంకిగా మారుతుంది. ఖాళీ తొడుగు లోపల ఉన్నంతవరకు రెండవ తూటా పట్టదు. యుద్ధరంగంలో అటువంటి తుపాకి చేతికర్రతో సమానం.

ఇది కేవలం ఊహించిన ప్రమాదం కాదు. 1885 జనవరిలో సూడాన్‌లోని అబూ క్లియా వద్ద జరిగిన పోరాటంలో బ్రిటిషు సైనికుల మార్టిని-హెన్రీ తుపాకులలో, పలుచని ఇత్తడి రేకును చుట్టి చేసిన తొడుగులు చిక్కుకొనిపోయాయి. అది బోల్టు తుపాకి కాకపోయినా సమస్య మాత్రం ఇదే.

1871 నమూనా

మౌజర్ సోదరులు సూది తుపాకిని లోహపు తూటాకు అనువుగా మార్చే ప్రయత్నం మొదలుపెట్టారు. బోల్టును తిప్పగానే సూదికి ఆధారమైన స్ప్రింగు తనంతట తానే బిగుసుకొనే ఏర్పాటును పాల్ కనుగొన్నాడు. స్వదేశంలో ఆదరణ లభించలేదు. అమెరికాకు చెందిన శామ్యూల్ నారిస్ అనే వ్యాపారి వారితో 1867లో ఒప్పందం చేసుకొని, సోదరులను బెల్జియంలోని లీజ్ నగరానికి రప్పించాడు. 1868లో ఈ రూపకల్పనకు అమెరికాలో పేటెంటు లభించింది. కొంతకాలానికి నారిస్ ఒప్పందం నుండి తప్పుకున్నాడు. సోదరులు దాదాపు ఖాళీ చేతులతో ఓబెర్న్‌డార్ఫ్‌కు తిరిగివచ్చారు.

అయితే వారి తుపాకి అప్పటికే ప్రష్యా అధికారుల దృష్టిలో పడింది. స్పాండౌలోని సైనిక శిక్షణ సంస్థలో పరీక్షలు జరిగాయి. 1870-71 ఫ్రాన్సు యుద్ధంలో సూది తుపాకి కాలం చెల్లినదని తేలిపోవడంతో కొత్త తుపాకి అవసరం తీవ్రమైంది. 1871 డిసెంబరులో మౌజర్ తుపాకిని ఎంపిక చేసి, భద్రతా మీటలో మార్పు చేసిన తరువాత 1872 ఫిబ్రవరిలో తుది ఆమోదం తెలిపారు. ఇదే 1871 నమూనా. దీనిలో గొట్టం లోపలి వ్యాసం 11 మిల్లీమీటర్లు. ఒకసారికి ఒకే తూటా పడుతుంది.

ఈ తుపాకిలో ఒక విశేషలోపం ఉండేది. ఖాళీ తొడుగును గది నుండి లాగే కొక్కెం (ఎక్స్‌ట్రాక్టరు) ఉన్నది గాని, లాగిన తొడుగును బయటకు విసిరే భాగం (ఎజెక్టరు) లేదు. సైనికుడు బోల్టును వెనుకకు లాగి, తుపాకిని పక్కకు వంచి తొడుగును దులిపివేయవలసి ఉండేది. ఒక్కొక్క తూటానే చేతితో పెట్టే తుపాకి కనుక అప్పటికి ఇది పెద్ద ఇబ్బంది అనిపించలేదు. మ్యాగజైను (తూటాల పెట్టె) వచ్చిన తరువాత ఇది కుదరదు. తొడుగు తొలగకముందే కొత్త తూటా పైకి వస్తుంది. అందుచేత గొట్టం కింద 8 తూటాలు పట్టే నాళికను చేర్చి 1884లో రూపొందించిన 71/84 నమూనాలో ఎజెక్టరును కూడా చేర్చారు.

కర్మాగారం, అన్న మరణం

1873-74లో సోదరులు స్టుట్‌గార్ట్‌లోని వుర్టెంబర్గ్ బ్యాంకు సహాయంతో, తమ తండ్రి కూలికి పనిచేసిన ప్రభుత్వ కర్మాగారాన్నే కొన్నారు. లక్ష తుపాకుల ప్రభుత్వ కొనుగోలుతో సంస్థ నిలదొక్కుకున్నది. తరువాత సెర్బియాకు తుపాకులు సరఫరా చేశారు. వ్యాపార భారమంతా మోసిన విల్‌హెల్మ్ 1882 జనవరిలో మరణించాడు. 1884లో సంస్థ వాటాల కంపెనీగా మారింది.

1887లో టర్కీ ప్రభుత్వం 5,00,000 తుపాకులు, 50,000 కార్బైన్లు (పొట్టి తుపాకులు) కొనడానికి ఒప్పందం చేసుకున్నది. ఈ పనిలో బెర్లిన్‌కు చెందిన లోవె కంపెనీ భాగస్వామి. అదే సంవత్సరం ఆ కంపెనీ మౌజర్ సంస్థ వాటాలలో అధికభాగాన్ని కొన్నది. ఆనాటి నుండి పాల్ తన పేరు గల కర్మాగారానికి సాంకేతిక నాయకుడేగాని యజమాని కాడు. మెరుగైన నమూనా వస్తే దానినే తీసుకొనే వీలు టర్కీ ఒప్పందంలో ఉండడం వలన, కొత్త మార్పులు చేయవలసిన అవసరం ఆయనకు నిరంతరం కలిగింది.

రెండు తూటాల చిక్కు

1886లో ఫ్రాన్సు పొగరాని మందుతో చిన్న వ్యాసం గల తుపాకిని తయారు చేసింది. దానికి పోటీగా జర్మనీ ఒక సంఘాన్ని నియమించి 1888 నమూనా తుపాకిని రూపొందించింది. దాని రూపకల్పనలో పాల్ మౌజర్‌కు చోటు లభించలేదు.

1888 తుపాకిలోని కొక్కెం చిన్నది. తూటా పూర్తిగా గదిలోకి పోయి, బోల్టు మూసుకొన్న తరువాతనే అది తూటా అంచును పట్టుకొనేది. కంగారులో ఉన్న సైనికుడు బోల్టును పూర్తిగా మూయకుండానే వెనుకకు లాగితే, ఆ తూటా గదిలోనే ఉండిపోయేది. మరల బోల్టును నెట్టినపుడు రెండవ తూటా వచ్చి మొదటిదాని వెనుక పొడిచేది. తుపాకి పనిచేయకుండా చిక్కుకొనడం దీని మొదటి ఫలితం. రెండవ తూటా మొన మొదటి తూటా వెనుకనున్న ప్రైమరుకు తగిలితే, బోల్టు మూసుకొనకుండానే తూటా పేలే ప్రమాదం కూడా ఉండేది.

పాల్ సొంతంగా రూపొందించిన 1889 బెల్జియం నమూనా అనేక విధాల మెరుగైనది. రేకుపట్టీకి గుచ్చిన ఐదు తూటాలను ఒక్క తోపుతో మ్యాగజైనులోకి నింపే పద్ధతి ఇందులో ఉన్నది. ఈ తుపాకుల తయారీ కొరకే బెల్జియంలోని హెర్స్టాల్‌లో ఎఫ్.ఎన్. కర్మాగారం స్థాపించబడింది. కాని రెండు తూటాల చిక్కు ఇందులోను పూర్తిగా తొలగలేదు.

పొడవైన కొక్కెం

1892లో పాల్ ఈ చిక్కుకు పరిష్కారం కనుగొన్నాడు. బోల్టు తలలో ఇమిడ్చిన చిన్న కొక్కెం బదులు, బోల్టు కుడివైపున పొడవునా ఉండే వెడల్పైన ఉక్కు స్ప్రింగునే కొక్కెంగా చేశాడు. ఇది ఒక కంకణం ద్వారా బోల్టుకు తగిలించబడి ఉంటుంది. పిడిని తిప్పినపుడు బోల్టు మాత్రమే తిరుగుతుంది. కొక్కెం తన స్థానంలోనే ఉంటుంది.

దీని ప్రయోజనాలు రెండు. మొదటిది, తూటా మ్యాగజైను నుండి పైకి లేవగానే దాని వెనుక గాడి ఈ కొక్కెం కిందికి జారుతుంది. గదిలోకి పోయేవరకు తూటా కొక్కెం పట్టులోనే ఉంటుంది. సగంలో బోల్టును వెనుకకు లాగినా ఆ తూటాయే వెనుకకు వచ్చి బయట పడుతుంది. కాబట్టి రెండవ తూటా దాని వెనుక చేరే అవకాశం లేదు. రెండవది, వెడల్పైన కొక్కెం తొడుగు అంచును ఎక్కువ మేర పట్టుకొంటుంది కనుక అంచు తెగిపోయే ప్రమాదం తగ్గింది.

ఈ మార్పుతోపాటు, తూటాలను రెండు వరుసలుగా అమర్చే మ్యాగజైను గల తుపాకిని 1893లో స్పెయిన్ స్వీకరించింది. దీని తూటా 7 మిల్లీమీటర్లది. 1898లో క్యూబాలో స్పెయిన్‌తో పోరాడిన అమెరికా సైన్యం ఈ తుపాకుల దెబ్బ చవిచూసింది. స్వీడన్, బ్రెజిల్, చిలీ మొదలైన దేశాలు, దక్షిణాఫ్రికాలోని బోయర్లు ఇదే కుటుంబానికి చెందిన తుపాకులను వాడారు.

1898 నమూనా

1898 ఏప్రిల్ 5న జర్మనీ స్వీకరించిన తుపాకి పాల్ మౌజర్ కృషికి పరాకాష్ఠ. ముందున్న రెండు తాళపు పళ్ళకు తోడు, వెనుక మూడవ పన్ను చేర్చారు. తూటా వెనుక భాగం పగిలితే వాయువు కాల్చేవాని ముఖం వైపు రాకుండా పక్కకు పోయే రంధ్రాలు పెట్టారు. తొడుగును తీసే పని ఇందులో మూడు అంచెలుగా జరుగుతుంది.

మొదటి అంచెలో, బోల్టు పిడిని పైకి ఎత్తేటపుడు పిడి మొదలు వెనుకనున్న ఏటవాలు అంచుమీద జారుతుంది. దానితో బోల్టు నెమ్మదిగా, కాని గొప్ప బలంతో కొంచెం వెనుకకు జరిగి, అంటుకొన్న తొడుగును గది గోడల నుండి విడదీస్తుంది. గట్టిగా బిగిసిన మూతను లాగడానికి బదులు మెలితిప్పి వదులు చేయడం వంటిదే ఇది.

రెండవ అంచెలో, కొక్కెం తొడుగును వెనుకకు లాగుతుంది. కొక్కేనికి ఉన్న చిన్న నాలుక బోల్టు తలకు చెక్కిన ఏటవాలు గాడిలో కూర్చుంటుంది. తొడుగు ఎంత మొండికేస్తే, ఆ ఏటవాలు వలన కొక్కెం అంత లోపలికి ఒరిగి పట్టు బిగిస్తుంది. అందుచేత లాగేటపుడు కొక్కెం అంచు మీద నుండి జారిపోదు.

మూడవ అంచెలో, బోల్టు చివరి వరకు వెనుకకు రాగానే, ఎడమవైపు గోడలో ఉన్న పలుచని ఉక్కు పలక (ఎజెక్టరు) బోల్టు ఎడమ పన్నులోని చీలిక గుండా ముందుకు వచ్చి తొడుగు వెనుక ఎడమ అంచుకు తగులుతుంది. కుడివైపున కొక్కెం పట్టుకొని ఉండడం వలన తొడుగు గిరుక్కున తిరిగి కుడివైపుకు ఎగిరిపోతుంది. ఈ పలక స్థిరంగా ఉంటుంది కనుక విసురు బోల్టును లాగిన వేగాన్ని బట్టి ఉంటుంది. మెల్లగా లాగితే తొడుగు పక్కనే పడుతుంది, జోరుగా లాగితే దూరంగా పడుతుంది.

లోపాలు, సవరణలు

ఈ తరహా తుపాకిలో లోపం వచ్చినపుడు, తొడుగు ఎక్కడ ఆగిపోయిందో చూస్తే కారణం చాలావరకు తెలుస్తుంది.

తొడుగు గదిలోనే ఉండిపోతే గదిని, కొక్కేన్ని పరీక్షించాలి. గదిలో మసి, తుప్పు, ఎండిన నూనె ఉంటే శుభ్రపరచడమే చాలు. గది గోడలు గరుకుబారితే నునుపు చేయించాలి. కొక్కెం మొన అరిగినా, విరిగినా మార్చాలి. తొడుగు అంచు తెగి ఉంటే, ఆ తూటాలో ఒత్తిడి హద్దు మీరిందేమో చూడాలి. అటువంటి తూటాలను మరల కాల్చరాదు. పిడిని ఎత్తడమే కష్టంగా ఉన్నా ఇదే జాగ్రత్త అవసరం.

తొడుగు గదిలో నుండి వచ్చి, చివరి వరకు రాకుండా మధ్యలో జారిపడితే కొక్కెం పట్టు సడలినదని అర్థం. స్ప్రింగు బిగువు తగ్గడం, కొక్కెం కింద మురికి చేరడం దీనికి కారణాలు. తొడుగు చివరి వరకు వచ్చి కూడా బయట పడకపోతే లోపం ఎజెక్టరుదే. పలక మొన అరగడం, దాని స్ప్రింగు బలహీనపడడం, పన్నులోని చీలిక మురికితో పూడుకొనడం సాధారణ కారణాలు. తుపాకిలో ఏ లోపమూ లేకుండా, కాల్చేవాడు బోల్టును పూర్తిగా వెనుకకు లాగకపోవడం వలన కూడా ఇది జరుగుతుంది.

ఈ యంత్రాంగానికి ఒక నియమం ఉన్నది. తూటాను ఎపుడూ మ్యాగజైను ద్వారానే పెట్టాలి. చేతితో నేరుగా గదిలో వేసి బోల్టును బలవంతంగా మూస్తే, తూటా అంచు మీదికి ఎక్కడానికి ఉద్దేశించని కొక్కెం మొన విరిగే ప్రమాదం ఉంది. మంచి కొక్కేలు పాడవడానికి తరచుగా ఇదే కారణం. పరీక్షకు ముందు తుపాకిలో తూటాలు లేవని నిర్ధారించుకొనడం, విడిభాగాల మార్పును లైసెన్సు గల నిపుణునికి అప్పగించడం తప్పనిసరి.

చివరి సంవత్సరాలు

1896 తరువాత పాల్ మౌజర్ దృష్టి, బోల్టును చేతితో లాగనవసరం లేకుండా తనంతట తానే తొడుగును విసిరి కొత్త తూటాను తీసుకొనే తుపాకి మీదికి మళ్ళింది. 1901లో అటువంటి తుపాకిని పరీక్షిస్తూ ఆయన ఒక కన్ను కోల్పోయాడు. అయినా ప్రయోగాలు మానలేదు. సైన్యం మెచ్చే స్థాయిలో ఆ తుపాకి మాత్రం ఆయన జీవితకాలంలో సిద్ధం కాలేదు. 1898 నుండి 1903 వరకు జర్మనీ పార్లమెంటు సభ్యునిగా ఉన్నాడు. అమెరికా తన 1903 స్ప్రింగ్‌ఫీల్డ్ తుపాకిలో మౌజర్ పేటెంట్లను వాడుకొన్నందుకు 2,00,000 డాలర్ల పరిహారం చెల్లించింది. 1912లో ఆయనకు ప్రభువంశ హోదా లభించింది.

1914 మే 29న ఓబెర్న్‌డార్ఫ్‌లో ఆయన మరణించాడు. రెండు నెలలకు మొదటి ప్రపంచ యుద్ధం ఆరంభమైంది. జర్మనీ, టర్కీ సైనికుల చేతులలోనే గాక, వారికి శత్రువులైన బెల్జియం, సెర్బియా సైనికుల చేతులలో కూడా మౌజర్ తుపాకులే ఉన్నాయి. కాల్చేవాని ప్రాణరక్షణకు చేసిన ప్రతి సవరణా ఎదుటివాని ప్రాణానికి ముప్పును పెంచింది. ఆయన జీవితకృషిని అంచనా వేసేటపుడు ఈ రెండు కోణాలను గుర్తించవలసి ఉంటుంది.

భారతదేశంతో సంబంధం

భారతదేశంలో మౌజర్ అనే పేరు ఎక్కువగా ఆ కర్మాగారంలో 1896లో తయారైన పిస్తోలు వలన ప్రసిద్ధమైంది. 1914 ఆగస్టు 26న బెంగాల్ విప్లవకారులు కలకత్తాలోని రోడ్డా కంపెనీకి వచ్చిన సరుకు నుండి 50 మౌజర్ పిస్తోళ్ళను, 46,000 తూటాలను అపహరించారు. 1915 సెప్టెంబరులో బాలాసోర్ వద్ద బాఘా జతిన్ బృందం మౌజర్ పిస్తోళ్ళతోనే పోరాడింది.

బోల్టు తుపాకి కూడా ఇక్కడికి వచ్చింది. చంపావత్ ఆడపులిని 1907లో చంపినందుకు జిమ్ కార్బెట్‌కు బహుకరించిన రిగ్బీ తుపాకి మౌజర్ యంత్రాంగం మీద నిర్మించినదే. దాని తూటా స్పెయిన్ సైన్యపు 7 మిల్లీమీటర్ల తూటాయే. మన దేశంలో సైనికులు, పోలీసులు దశాబ్దాల పాటు వాడిన త్రీ నాట్ త్రీ తుపాకి మాత్రం మౌజర్ సంతతి కాదు. అది జేమ్స్ పారిస్ లీ రూపకల్పన. బోల్టు వేగంగా కదలడం దాని బలం. తూటాను మొదటి నుండి పట్టుకొని ఉండే పొడవైన కొక్కెం దానికి లేదు.

తరువాతి ప్రభావం

1935లో జర్మనీ సైన్యం స్వీకరించిన పొట్టి తుపాకి (98కె) కూడా 1898 యంత్రాంగానిదే. రెండవ ప్రపంచ యుద్ధానంతరం ఓబెర్న్‌డార్ఫ్ ఫ్రెంచి ఆధీనంలోకి వచ్చి, కర్మాగారం విడదీయబడింది. అక్కడ పనిచేసిన ఇంజనీర్లు 1949లో అదే పట్టణంలో హెక్లర్ అండ్ కోక్ సంస్థను స్థాపించారు.

వేట తుపాకులలో మౌజర్ కొక్కెం విలువ మరొకసారి రుజువైంది. అమెరికాలోని వించెస్టర్ కంపెనీ తన మోడల్ 70 తుపాకి నుండి ఖర్చు తగ్గించడానికి 1964లో ఈ తరహా కొక్కేన్ని తొలగించింది. కొనుగోలుదారులు పాత తుపాకులనే వెదకి కొనసాగారు. చివరకు 1992లో కంపెనీ ఆ కొక్కేన్ని తిరిగి ప్రవేశపెట్టింది. ఏనుగు, అడవిదున్న వంటి ప్రమాదకర జంతువుల ఎదుట నిలిచేవారు నేటికీ ఈ ఏర్పాటునే కోరుకొంటారు. పాల్ మౌజర్ చదివిన చదువు తక్కువ. ఒక చిన్న ఉక్కు ముక్క తూటాను ఎపుడు పట్టుకోవాలి, ఎపుడు వదలాలి అన్న ప్రశ్నకు ఆయన ఇచ్చిన సమాధానం మాత్రం వంద సంవత్సరాలు దాటినా మారలేదు.